డిచ్‌పల్లి డాక్టరమ్మ

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ వైపు మెట్రోలో వెళ్ళేటప్పుడు చైతన్యపురి దాటగానే 'విక్టోరియా మెమోరియల్' స్టేషన్ వస్తుంది. సరూర్‌నగర్‌లో ఆరవ నిజాం కాలంలో అనాథ బాలల కొరకు వెలసిన ఆశ్రమం పేరు అది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మరొక విక్టోరియా, నిజామాబాద్ సమీపాన డిచ్‌పల్లిలో ఉన్న కుష్ఠు ఆసుపత్రి, జ్ఞాపకం వస్తుంది. గత సంవత్సరం గడ్డిఅన్నారంలో మా వీధిలో జరిగిన ఒక సంఘటన వలన దానిని గూర్చి వ్రాయాలనిపించింది. ఇళ్ళలో పనిచేసుకొని బ్రతికే ఒకామె ముంజేతిమీద పాలిపోయిన మచ్చ కనిపించిందని ఒక ఇంటివారు ఆమెను పనిలోనుండి తీసివేశారు. చదువుకున్నవారే.

ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లండ్‌లో జన్మించి, అబర్డీన్ విశ్వవిద్యాలయంలో 1903లో వైద్యపట్టా పొందారు. 1907లో భర్త జార్జ్ కెర్‌తో కలసి వెస్లియన్ మిషన్ పక్షాన నిజాం రాజ్యానికి వచ్చారు. ఆయన పాదిరి, ఆమె వైద్యురాలు. నిజామాబాద్ ప్రాంతంలో ఆమెను ఎక్కువగా కలచివేసినది కుష్ఠురోగుల దుఃస్థితి. నార్వే దేశంలో హాన్సెన్ ఈ రోగకారక క్రిమిని 1873లోనే కనుగొన్నాడు. కాని క్రిమి తెలిసినంత మాత్రాన మందు దొరకలేదు. ఇంటివారు వెళ్ళగొట్టినవారికి చెట్టు నీడో, సత్రపు అరుగో, భిక్షాటనమో గతి.

1911లో నిజామాబాద్‌లో చిన్నపాటి కేంద్రం ఆరంభమైంది. వచ్చేవారు పెరిగి, స్థలం చాలక, 1915 నాటికి అది డిచ్‌పల్లికి మారింది. దీనికి ధన సహాయం చేసిన దాతలలో ముఖ్యులు రాజా నర్సాగౌడ్ అనే హిందువు. క్రైస్తవ కరుణను గూర్చి వ్రాస్తూ ఈ విషయం విడిచిపెట్టడం న్యాయం కాదు. వైద్యం చేసిన చేయి ఒక మతానిది, గోడ కట్టించిన చేయి మరొక మతానిది. లోపల పడుకొన్న రోగి ఏ మతస్థుడో అడగవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

అప్పటి వైద్యం ఎలాటిదో నేటి పాఠకులకు కొంత వివరంగా చెప్పాలి. చాల్‌మూగ్రా జాతి గింజల నూనె ఒక్కటే ఆధారం. త్రాగితే కడుపులో త్రిప్పి వాంతి అయ్యేది. కలకత్తాలో పరిశోధన చేసిన డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఆ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని అభివృద్ధి చేశారు. 1921 ప్రాంతంలో అది డిచ్‌పల్లికి వచ్చింది. చిక్కని నూనె, నొప్పిగల సూది, నెలల తరబడి అదే పని. తొలి దశలో వచ్చినవారికి కొంత మేలు కలిగేది. ముదిరినవారికి అంతగా లేదు. మంచి ఆహారం, వ్యాయామం, ఇతర జబ్బుల చికిత్స కూడా తోడుండాలని మ్యూర్ పట్టుపట్టేవారు.

మందు బలహీనమైనది కాబట్టి తక్కిన పని అంతా చేతులదే. కుష్ఠువ్యాధిలో నరాలు చెడి స్పర్శ పోతుంది. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నా తెలియదు, వేడి గిన్నె పట్టుకొన్నా తెలియదు. పుండు పడుతుంది, కుళ్ళుతుంది, దుర్వాసన వస్తుంది. దానిని రోజూ కడగాలి, చచ్చిన చర్మం తీయాలి, కట్టు కట్టాలి. మరునాడు మళ్ళీ అదే. సువార్తలలో యేసు కుష్ఠురోగిని ముట్టిన ఘట్టం ఒక్క క్షణంలో ముగుస్తుంది. డిచ్‌పల్లిలో అది సంవత్సరాల తరబడి సాగిన దినచర్య. 1923లో కెర్ దంపతులకు కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. ఇసబెల్ 1930ల ఆరంభంలో కన్నుమూశారు. ఆసుపత్రి మాత్రం నిలిచింది.

నా సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఒక పల్లె ఆసుపత్రిలో, పాదానికి పుండు ఉన్న వృద్ధుని మూడు గజాల దూరం నుండే చూసి మందు వ్రాశాను. పుస్తకంలో చదివినదంతా నాకు కంఠస్థమే. మా కాంపౌండరు ఏమీ అనకుండా పీట వేసి కూర్చొని, ఆ పాదాన్ని తన తొడమీద పెట్టుకొని కడిగాడు. ఆ మధ్యాహ్నం నేను ఆయనతో మాట్లాడలేకపోయాను. మరుసటి వారం ఆ వృద్ధుడు కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు పీట నేను వేసుకొన్నాను.

నేడు భయానికి ఆధారం లేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫార్సు చేసింది. వ్యాధి రకాన్నిబట్టి 6 నెలలో, 12 నెలలో మాత్రలు వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. చికిత్స మొదలైన కొద్ది రోజులకే రోగి నుండి ఇతరులకు సోకే ప్రమాదం దాదాపు పోతుంది. అయినా కుష్ఠువ్యాధి విడాకులకు కారణంగా మన చట్టాలలో 2019 వరకు నిలిచి ఉన్నది. శరీరంమీద స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే దాచకండి, చూపించుకోండి.

మా వీధి ఆమెను మా ఇంటికి పిలిపించి దూదితో ఆ మచ్చను తాకి చూశాను; స్పర్శ లేదు. మా ఆవిడ ఆమెకు టీ ఇచ్చి, ప్రక్కనే కూర్చొని తానూ త్రాగింది. మరునాడు మేమిద్దరమూ తోడు వెళ్ళి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాము. ఆరు నెలల మాత్రలు పూర్తయ్యాయి. ఇప్పుడు ఆమె మా వీధిలోనే రెండిళ్ళలో పనిచేస్తున్నది. తీసివేసిన ఇంటివారు మళ్ళీ పిలిచారు కాని, ఆమె వెళ్ళలేదు.