శానటోరియం నుంచి ఇంటి గడప దాకా

మదనపల్లె పక్కన ఉన్న ఆరోగ్యవరానికి ఆ పేరు తెచ్చింది క్షయ. 1915లో అక్కడ శానటోరియం తెరిచే నాటికి ఆ జబ్బుకు మందే లేదు. పలు క్రైస్తవ మిషన్లు కలిసి నడిపిన ఆ ఆసుపత్రికి డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ తొలి సూపరింటెండెంట్. మంచి గాలి, పుష్టికరమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి, అంతే వైద్యం. దీర్ఘరోగిని ఒకసారి చూసి పంపేస్తే చాలదని, కనిపెట్టుకుని ఉండాలని ఆ పద్ధతి నేర్పింది. కాకపోతే కూలికి వెళ్లేవాడు ఏడాదిపాటు పడకమీద ఉంటే ఇల్లు గడిచేదెలా? ఆ ప్రశ్నకు శానటోరియం దగ్గర జవాబు లేదు.

జవాబు మద్రాసులో దొరికింది. అప్పటికి స్ట్రెప్టోమైసిన్, ఐసోనయజిడ్ వంటి మందులు వచ్చాయి. 1956లో అక్కడ మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్ ఆధ్వర్యంలో, 193 మంది పేద రోగులను రెండుగా విడదీసింది. కొందరిని శానటోరియంలో చేర్చుకున్నారు. మిగతావాళ్లు ఇరుకిళ్లలోనే ఉండి, దొరికిన తిండే తింటూ, అవే మాత్రలు మింగారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు సమానంగా కోలుకున్నాయి. ఇంట్లో ఉన్న రోగి వల్ల కుటుంబానికి అదనంగా జబ్బు సోకిందీ లేదు. 1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచమంతటా శానటోరియాల అవసరాన్ని తగ్గించేసింది. నా దృష్టిలో మన దేశం వైద్యలోకానికి ఇచ్చిన గొప్ప కానుకల్లో ఇదొకటి; పాఠ్యపుస్తకాల్లో మాత్రం దీనికి చోటు తక్కువ.

1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం వచ్చింది. మందు ఇంటికి చేరింది కానీ, దగ్గు తగ్గగానే మాత్రలు మానేసేవాళ్లను పట్టుకునే ఏర్పాటు సరిగా కుదరలేదు. కళ్లెదుటే మాత్ర మింగించే డాట్స్ పద్ధతి దేశవ్యాప్త కార్యక్రమంగా మొదలయ్యేసరికి 1997 అయింది.

ఇంత అనుభవం చేతిలో ఉండి కూడా షుగరు, బీపీల విషయంలో మళ్లీ మొదటికే వచ్చాం. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ వైద్య బీమా పథకం లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది, కాదనలేం. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి కోసం. బీపీ ముదిరి గుండె దెబ్బతిన్నాక ఆపరేషన్‌కు డబ్బు దొరికింది. దాన్ని ఆపగల బిళ్ళ కోసం ముసలాయన బస్సెక్కి పట్నం పోవాల్సి వచ్చింది. ఆ లోటు గుర్తించే 2008లో 104 సంచార వైద్య బండ్లు ఊళ్లకు బయలుదేరాయి. నెలకోసారి చెప్పిన రోజున రావడం, బీపీ, షుగరు చూడడం, నెలకు సరిపడా మాత్రలివ్వడం. బండి రాని నెల మాత్రలు లేని నెలే. 2017లో తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం వాడే మందుల వరుసను సులువు చేసింది, మధ్యలో మానేసినవాళ్లను వెతికి పిలిచే పనీ చేపట్టింది. క్షయ మనకు నేర్పిన పాఠమే ఇది.

దీర్ఘరోగికి దగ్గర్లోనే వైద్యం అందించడంలో అన్నిటికన్నా కష్టమైన పరీక్ష, కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎదురైంది. కిడ్నీలు పాడైనవాళ్లకు వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున డయాలిసిస్ కావాలి. ఒకప్పుడు దానికోసం విశాఖ దాకా పోయేవాళ్లు. మనిషి తోడు, దారి ఖర్చు, పోయిన కూలి అదనం. తర్వాత సోంపేట, పలాసల్లో కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందన్నది మాత్రం ఇంకా తేలలేదు.

మీ ఇంట్లో బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్లుంటే, మాత్రలు అయిపోకముందే ఊళ్లోని ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో కలవండి.