కనగుర్త: విశాఖ తీరం నుంచి శాస్త్రంలోకి

చేపల బజారులో మనం బేరమాడే కానాగంతలకు శాస్త్రీయనామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఆ రెండో మాట మన జాలర్లదే! విశాఖపట్నంలో ఉంటూ చేపలను పరిశీలించిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్, 1803లో అచ్చయిన పుస్తకంలో ఇక్కడి పిలుపునే రాశాడు. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే దాన్నే ఖాయం చేశాడు. ఎర్రసముద్రం నుంచి ఇండోనేషియా దాకా ఈ చేపపై ఎవరు పరిశోధించినా ఆ తెలుగు మాట రాయాల్సిందే.

మొదటి మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం దంతె. చేప నోరు తెరిచి చూడండి: మొప్పల లోపల ఈకల్లాంటి పొడవాటి పళ్ల వరుస కనిపిస్తుంది. వెచ్చని తీరజలాల్లో ఈ చేపలు గుంపులుగా, నోరు తెరుచుకుని ఈదుతూ, ప్లవకాలను వాటితోనే వడగట్టుకుంటాయి. రొమ్ము రెక్క దగ్గర నల్లమచ్చ దీని ఆనవాలు. తాజాదైతే వీపు పక్కల చారలు బంగారు ఛాయలో మెరుస్తాయి.