ఆస్పత్రి సామాను గదిలో దొరికిన ముఖం

1981లో ఓస్లో శివార్లలోని డికెమార్క్ మానసిక చికిత్సాలయంలో, ఊడ్చి తుడిచేవాళ్లు సామాను పెట్టుకునే చిన్న గదిలో సినిమా డబ్బాలు కొన్ని బయటపడ్డాయి. పాత రీళ్లు. పారేయకుండా నార్వే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపించారు. అంతవరకు బాగానే ఉంది. అక్కడ మాత్రం ఆ డబ్బాలు మూడేళ్లు మూత తీయకుండా పడి ఉన్నాయి. 1984లో ఎవరో తీరిగ్గా విప్పి చూస్తే తెలిసింది, లోపల ఉన్నది రెనే ఫాల్కొనెట్టి ముఖం అని.

ఆ ముఖం చుట్టూ అప్పటికే ఒక కథ అల్లుకుపోయి ఉంది. మరియా ఫాల్కొనెట్టి అనే నటి ఉండేదని, జీవితంలో ఒకే ఒక్క సినిమా చేసిందని, అందులో ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌గా నటించడానికి దర్శకుడు పెట్టిన హింస భరించలేక మళ్లీ కెమెరా ముఖం చూడలేదని, అంతటితో మాయమైపోయిందని. ఆ సినిమా డెన్మార్క్ దర్శకుడు కార్ల్ థియోడర్ డ్రెయర్ ఫ్రాన్స్‌లో తీసిన 'ద ప్యాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్', 1928 నాటిది. ఈ కథ నేనూ చాలా ఏళ్లు నమ్మాను. వినడానికి అంత బాగుంటే నమ్మకుండా ఎలా ఉంటాం!

సినిమా మొదట్లోనే ఒక విచారణ ఉంది. న్యాయపీఠం మీది మతాధికారులు జోన్‌ని పేరు అడుగుతారు. ఫ్రాన్స్‌లో జాన్ అంటారు, మా ఊళ్లో జానెట్ అంటారు అని చెబుతుంది. వయసు అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టుకుని, పంతొమ్మిది అనుకుంటాను అంటుంది. అవే ప్రశ్నలు ఆ పాత్ర వేసిన మనిషిని అడిగి చూద్దాం.

పేరు మరియా కాదు. రెనే జాన్ ఫాల్కొనెట్టి. రాసేవాళ్ల చేతుల్లో పడి ఎక్కడో మరియా అయింది, ఇప్పటికీ చాలాచోట్ల అదే నడుస్తోంది. ఆమె కార్సికా దీవిలో పుట్టిందని పాత పుస్తకాలు రాశాయి. ఇంటిపేరు అక్కడిదే, పుట్టింది మాత్రం పారిస్‌ని ఆనుకుని ఉన్న పాంతాఁలో, 1892 జులై 21న. ఇక వయసు లెక్క సులువు. షూటింగ్ 1927లో జరిగింది. వేళ్ల మీద పంతొమ్మిది లెక్కపెట్టిన ఆ పిల్లకి అప్పటికి ముప్పయ్యైదు.

ఒకే ఒక్క సినిమా అన్న మాటా నిలవదు. 1917లోనే రెండు సినిమాల్లో కనిపించింది: 'లా కోంతెస్ ద సొమెరీవ్', 'లె క్లౌన్'. అవి ఎవరికీ పట్టలేదు గనక లెక్కలోంచి జారిపోయాయి. ఆమె బతుకంతా నాటకరంగంలోనే గడిచింది. 1924లో కొమెడీ ఫ్రాన్సేజ్‌లో చేరింది. ఫ్రాన్స్‌లో నటులకు అంతకు మించిన గుర్తింపు లేదు. అందులోంచీ త్వరగానే బయటికి వచ్చేసింది. డ్రెయర్ చూసేనాటికి పారిస్‌లో సరదా నాటకాలు ఆడుతూ, మంచి ఫ్యాషన్ బట్టల్లో వెలిగిపోతున్న నటి. ఆ మేకప్ వెనక ఇంకేదో ఉందని డ్రెయర్‌కి అనిపించింది. మేకప్ లేకుండా కెమెరా ముందు కూర్చోమన్నాడు. కూర్చుంది.

హింస సంగతి కొంచెం ఆగి చూడాలి. అందులో అబద్ధమెంతో నిజమూ అంతే ఉంది. డ్రెయర్ మొండివాడు. సినిమాలో ఎవరికీ మేకప్ లేదు. రంగుల తేడాల్ని చర్మం మీద కూడా పట్టే పాంక్రొమాటిక్ ఫిల్మ్ వాడారు, అందుకే మచ్చలు, పగిలిన పెదవులు, కన్నీటి చార ఆగి ఆగి దిగడం అన్నీ కనబడతాయి. కింది నుంచి తీసే షాట్ల కోసం నేలలో గుంతలు తవ్వించి కెమెరా దింపేవాడు. యూనిట్‌వాళ్లు విసిగిపోయి ఆయనకి కార్ల్ గ్రుయేర్ అని పేరు పెట్టారు. గ్రుయేర్ అంటే జున్ను, తూట్లు తూట్లుగా ఉంటుందని వాళ్ల ఎగతాళి. కథ నడిచే వరసలోనే చాలావరకు తీశాడు. చివర్లో జోన్ తల గొరిగే దృశ్యంలో గొరిగింది ఫాల్కొనెట్టి సొంత జుట్టే. ఆ కత్తెర చప్పుడు మనకి వినబడదు, మూకీ సినిమా. కానీ తల మీంచి కుప్పలు కుప్పలుగా రాలే జుట్టూ, ఆమె కళ్లూ చూస్తుంటే మన మెడ మీద చల్లగా తగిలినట్టుంటుంది.

ఇంత అయ్యాక పారిపోయింది అనుకోవడం సహజమే. అయితే అడ్డం వచ్చే ఆధారం ఒకటుంది, అది నాటకశాల కరపత్రం. 1935 నవంబరులో పారిస్‌లోని అతేనే థియేటర్‌లో జిరోదూ రాసిన 'ట్రోయ్ యుద్ధం జరగదు' అనే నాటకం మొదటిసారి ఆడారు. లూయీ జూవే దర్శకత్వం. అందులో ఆంద్రొమాక్ పాత్ర ఫాల్కొనెట్టిది. షూటింగ్ అయిన ఎనిమిదేళ్ల తర్వాత, పారిస్ నడిబొడ్డున, ఆ కాలపు పెద్ద నాటకంలో ముఖ్యపాత్ర. మాయమైన మనిషి చేసే పనేనా ఇది? ఈ మధ్యలో సొంతంగా థియేటర్ నడిపి డబ్బు కూడా పోగొట్టుకుంది. సినిమా నుంచి పారిపోలేదు, ఎప్పుడూ ఉన్న చోటికే తిరిగి వెళ్లింది. యుద్ధకాలంలో ఫ్రాన్స్ వదిలి దక్షిణ అమెరికా చేరింది. 1946 డిసెంబరు 12న బ్యూనస్ ఎయిరిస్‌లో చనిపోయింది. నాటకం ఆడిన రాత్రి అయిపోతుంది, రీలు మిగులుతుంది. మనం మిగిలినదాన్ని చూసి మనిషి లెక్క తేల్చేశాం.

ఆ మిగిలిన రీలు కథ ఇంకా చిత్రం.

సినిమా 1928 ఏప్రిల్ 21న కోపెన్‌హేగన్‌లో విడుదలైంది. పారిస్‌లో అక్టోబరులో వేసేసరికి ఆర్చిబిషప్, ప్రభుత్వ సెన్సారు కలిసి కత్తిరించేశారు. ఆ ఏడాది డిసెంబరు 6న బెర్లిన్‌లోని ఉఫా లేబరేటరీ అంటుకుని అసలు నెగెటివ్ బూడిదైంది. అప్పటి ఫిల్మ్ నైట్రేట్‌ది. అది కాలుతుంటే ఆక్సిజన్ కూడా దానిలోంచే పుడుతుంది, నీళ్లలో ముంచినా ఆరదు. డ్రెయర్ కూలబడిపోలేదు. ఒక్కో షాటుకీ తీసి పక్కన పెట్టిన టేకులు మిగిలి ఉంటే, ఎడిటర్ మార్గెరిత్ బోజేతో కలిసి వాటితో మళ్లీ సినిమా మొత్తం కూర్చాడు. మొదటిదానికి దాదాపు కవల. మరుసటి ఏడాది మరో లేబరేటరీలో మంటలు రేగి, ఆ నెగెటివూ పోయిందన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

1950ల మొదట్లో లో డూకా అనే ఆయనకి గోమోఁ కంపెనీ భోషాణాల్లో ఆ రెండో కూర్పు నెగెటివ్ ఒకటి దొరికింది. ఆయన దానికి బాఖ్, వివాల్డి సంగీతం తగిలించి, మాటల కార్డుల్ని మార్చి వదిలాడు. డ్రెయర్ ఒప్పుకోలేదు, అయినా లోకం చూసింది అదే. అంటే ఏమిటి? 1962లో ఫ్రెంచ్ దర్శకుడు గొదార్ తీసిన 'వివ్ర్ స వీ'లో నానా అనే అమ్మాయి థియేటర్ చీకట్లో ఫాల్కొనెట్టిని చూస్తూ ఏడుస్తుంది. ఆ దృశ్యం ఎంత పేరు పొందిందో సినిమా పిచ్చి ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పటికి అసలు కూర్పు అందుబాటులో లేదు. నానా ఏడ్చిందీ, ఆమెతోపాటు ప్రేక్షకులు ఏడ్చిందీ డ్రెయర్ మొదట్లో వద్దని పక్కన పెట్టిన టేకుల్ని చూసి! మూడు దశాబ్దాల పాటు సినిమా చరిత్రలో గొప్ప నటన అని రాసినవాళ్లంతా ఫాల్కొనెట్టి రెండో శ్రేణి టేకుల గురించే రాశారు. ఆ టేకులే అలా ఉంటే...

మరి డికెమార్క్ డబ్బాల్లో ఉన్నది అసలుదేనని ఎలా తేలింది? మొదటి ఆనవాలు మాటల కార్డులు, అవి డేనిష్‌లో ఉన్నాయి. రెండోది డబ్బాలతో ఉన్న డెన్మార్క్ సెన్సారు చీటీ, 1928 నాటిది. అంటే పారిస్ కత్తెర పడకముందు కోపెన్‌హేగన్‌లో వేసిన రూపం. బెర్లిన్ మంటలకీ ముందే. మూడోది ముఖమే. అదే షాటు, అదే కోణం, కానీ తల వంచే తీరులో, కన్నీరు జారే క్షణంలో గోమోఁ కూర్పుకి తేడా. ఒకే మనిషి, వేరే టేకు.

సెన్సారు చీటీ అనగానే మన సంగతి గుర్తొచ్చింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న వచ్చిందని దశాబ్దాల పాటు రాసుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు తేదీ దగ్గర తీగ పట్టుకుని లాగి, అది 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. మన ప్రింటు లేదు, చీటీ లెక్క మిగిలింది. వాళ్లకి చీటీతోపాటు ప్రింటూ దొరికింది. కుళ్లుకోక తప్పదు.

పిచ్చాస్పత్రికి ఆ డబ్బాలు ఎందుకు వచ్చాయన్నది మాత్రం ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. అప్పటి ఆస్పత్రి అధికారి తెప్పించుకుని ఉంటాడని ఊహ. రికార్డుల్లో అవి వచ్చినట్టు ఎక్కడా రాసి లేదు. తిరిగి పంపమని డెన్మార్క్ నుంచి ఎవరూ అడగనూ లేదు కాబోలు. డ్రెయర్ 1968లో పోయాడు, తాను ఏరి కూర్చిన సినిమా కొన్ని వందల కిలోమీటర్ల అవతల సామాను గదిలో ఉందని తెలియకుండానే.

ఇప్పుడు ఆ ప్రింటుని సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తిప్పితే 81 నిమిషాలు, 20 చొప్పున అయితే 97. ఏది సరైన వేగమో పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. నాకైతే నెమ్మదిదే నచ్చింది. అందులో ఆమె వేళ్లు లెక్కపెట్టుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది.