కంకర కావాలి, దుమ్ము ఎందుకు తినాలి?

కొల్లేటి వైపు పునాది తవ్వితే నల్లమట్టి తగులుద్ది గానీ రాయి తగలదు. అక్కడ రోడ్డెయ్యాలన్నా, శ్లాబు పొయ్యాలన్నా కంకర మెట్ట మీద నుంచి లారీల్లో దిగాల్సిందే. మన చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్ట మీదుగా వచ్చే ఖమ్మం–దేవరపల్లి హైవేకైనా అదే కంకర. అందుకే క్రషరే వద్దని నేననను. అదెట్టా పనిచేస్తదో తెలిస్తే మనం ఎక్కడ నిలదియ్యాలో తెలుస్తది.

క్వారీలో బెజ్జాలు కొట్టి, మందు కూరి పేలుస్తారు. ఆ బండల్ని టిప్పర్ తెచ్చి ముందు జా క్రషర్‌లో పోస్తది. జా అంటే దవడ. ఒక దవడ కదలదు, రెండోది ఆడతా రాయిని నలిపేస్తది. ఆ ముక్కలు బెల్టెక్కి కోన్ క్రషర్‌కి పోయి ఇంకా చిన్నవవుతాయి. అక్కడ్నుంచి అదిరే జల్లెళ్ల మీదికి. పైదానికి పెద్ద కన్నాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. ఇంట్లో నూక జల్లించినట్టే. 40 ఎం.ఎం., 20, 12, బేబీ చిప్స్, అడుగున డస్ట్. పైన మిగిలిన పెద్ద ముక్కలు మళ్లీ క్రషర్‌లోకే. శ్లాబుకి 20 ఎం.ఎం. వాడేది చువ్వల సందుల్లోకి దిగాలనే.

రోబో శాండ్ వేరే. రాయిని గిరగిరా తిప్పి విసిరికొట్టే మెషిన్‌లో చేసి, మెత్తటి పొడి తీసేస్తారు. ఐఎస్ 383 ప్రమాణం ఇలాంటి ఇసకని కాంక్రీట్‌కి ఒప్పుకుంది. ఉత్త డస్ట్‌నే రోబో శాండని అంటగట్టేవాళ్లూ ఉంటారు, ఇల్లు కట్టేవాళ్లు చూసుకోండి.

ఇక దుమ్ము. నలిగే చోట లేస్తది, జల్లెడ దగ్గర లేస్తది, బెల్టు కొసన రాయి ఎత్తు నుంచి పడే చోట మరీ లేస్తది. కంటికి కనపడేది పైరాకుల మీద పడుద్ది. కనపడనంత సన్నంది ఊపిరితిత్తుల్లోకి దిగుద్ది. అందులో ఉండే సిలికా వల్ల సిలికోసిస్ వస్తది. వచ్చాక నయం కాదు. చాలామందికి టీబీ అనుకుని ఏళ్ల తరబడి మందులు మింగిస్తారు. పని వల్ల వచ్చిందని తేలితే చట్టప్రకారం పరిహారం కింద డబ్బు అడగొచ్చు. ఆ సంగతి క్రషర్ కూలీకి చెప్పేదెవరు?

పర్యావరణ నిబంధనల్లో లెక్క రాసే ఉంది. క్రషర్ వల్ల గాల్లో కలిసే దుమ్ము 40 మీటర్ల దూరంలో ఘనపు మీటరుకి 600 మైక్రోగ్రాముల లోపుండాలి. గాలికి అడ్డుగోడ, దుమ్ము అణిచే ఏర్పాటు, లోపల గట్టి రోడ్లు, నేల తడపటం, చుట్టూ చెట్ల వరస ఉండాలి. ఇవి చూడ్డానికి ఇంజినీరు అక్కర్లేదు తమ్ముళ్లూ. జల్లెడ మీద మూత ఉందా? బెల్టు కొసన నీళ్లు చల్లుతున్నారా, ఆఫీసర్ వచ్చిన రోజే చల్లుతున్నారా? తేదీతో ఫోటో తియ్యండి. కాలుష్య నియంత్రణ మండలి ఆ క్రషర్‌కిచ్చిన అనుమతి కాపీ సమాచార హక్కు కింద అడగండి. షరతులన్నీ అందులోనే ఉంటాయి.