తులసి చుట్టాలు, బొమ్మ కింద పేర్లు

తులసి కొమ్మని ఎప్పుడైనా వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూశారా? కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా తగుల్తుంది. పుదీనా అంతే, శివుడికి పెట్టే తుమ్మి కూడా అంతే. ఇవన్నీ ఒకే కుటుంబం. ఆకులు ఎదురెదురుగా, పువ్వేమో రెండు పెదాలు తెరిచినట్టు ఉంటుంది. అందుకే లాటిన్‌లో పెదవి అనే మాట మీద దీనికి లాబియేటే అని పేరు పెట్టారు.

వీటి అడవి చుట్టాలు దక్షిణాది కొండల్లో బోలెడు. వాటిని ఎవరు రికార్డు చేశారన్నదే ఈరోజు కథ.

1819లో రాబర్ట్ వైట్ అనే స్కాట్లండ్ డాక్టర్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి ఇక్కడికొచ్చాడు. డ్యూటీ వైద్యం, మనసంతా మొక్కల మీద. 1831లో సెలవు మీద వెళ్తూ దాదాపు లక్ష ఎండు నమూనాలు పట్టుకెళ్ళాడు. రెండు టన్నుల లగేజీ! ఆయన సేకరించిన తులసి కుటుంబం మొక్కలు జార్జ్ బెంథామ్ చేతికి చేరాయి. బెంథామ్ 1832-36 మధ్య ఈ కుటుంబం మొత్తం మీద పెద్ద పుస్తకం వేశాడు. ఇండియాకి మాత్రం ఒక్కసారీ రాలేదు.

చిక్కు ఇక్కడే ఉంది. మొక్కని కాగితాల మధ్య నొక్కి ఎండబెడితే ఆకు ఆకారం నిలుస్తుంది. కానీ రంగు పోతుంది, వాసన తగ్గుతుంది, ఆ పెదాల పువ్వు అప్పడంలా అణిగిపోతుంది. కొండ మీద వానల్లో కాగితాలు మార్చకపోతే బూజే. అందుకే బొమ్మ కావాలి. ఆ పని చేసింది రంగయ్య, ఆయన తర్వాత గోవిందు. 1838 నుంచి 1853 దాకా వచ్చిన వైట్ 'ఐకోన్స్' పుస్తకాల్లో 2101 బొమ్మలున్నాయి. అందులో తుమ్మి చుట్టాలూ ఉన్నాయి. పువ్వుని విప్పి లోపలి భాగాలు కూడా విడివిడిగా గీశారు.

మరి కొండెక్కి మొక్క కోసుకొచ్చిన వాళ్ళు? వైట్ జీతాలిచ్చి స్థానికుల్ని అడవుల్లోకి పంపేవాడు. సేకరణ మాత్రం ఆయన పేరు మీదే నిలిచింది. టీమంతా కోడ్ రాస్తే కమిట్ మేనేజర్ పేరు మీద పడ్డట్టు! అయినా వైట్‌ని పూర్తిగా తప్పు పట్టలేం. బొమ్మల కింద రంగయ్య, గోవిందుల పేర్లు వేయించాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి ఏకంగా 'గోవిందూయా' అని పేరు పెట్టాడు. కంపెనీ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

కానీ శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి, గమనించండి. బెంథామ్ ఒక కొండ మొక్కకి 'ప్లెక్ట్రాంథస్ వైటియై' అన్నాడు. తర్వాత దాన్ని ఐసోడాన్ ప్రజాతిలోకి మార్చారు. అయినా రూల్ ప్రకారం రెండో మాట మొక్క వెంటే వెళ్ళింది, అదిప్పుడు 'ఐసోడాన్ వైటియై'. గోవిందు పేరు మొదటి మాటలో ఉంది. ఆ ఆర్కిడ్‌ని ట్రోపిడియాలో కలిపేయగానే గోవిందూయా పాత పేర్ల లిస్టులోకి వెళ్ళిపోయింది.