వాన వెంట పరుగెత్తిన దేశం

మెల్‌బోర్న్‌లో కాపురం పెట్టిన తెలుగు కుటుంబం మొదటిసారి కారులో మిల్దూరా వైపు బయలుదేరితే, దారిలో ఒకచోట పిల్లలకంటే పెద్దవాళ్ళే ముందు కిటికీకి అతుక్కుపోతారు. ఊళ్ళు అయిపోతాయి, గొర్రెల బీళ్ళు అయిపోతాయి, మల్లీ ప్రాంతం మొదలవుతుంది. ఎర్రమట్టి, గోధుమ పైరు, మళ్ళీ గోధుమ పైరు. పొలం పెద్దదని విని వచ్చినవాళ్ళే కాబట్టి దాని పొడవు చూసి ఆశ్చర్యపోరు. అందులో మనిషి కనిపించకపోవడమే అంతుపట్టదు. కలుపు తీసేవాళ్ళు లేరు, మేకలు కాసే పిల్లాడు లేడు, చెట్టు కింద సద్దిమూట విప్పిన ముసలాయన లేడు. గట్టు మీద ఎవరైనా ఉన్నారేమో చూద్దామంటే అసలు గట్టే లేదు.

ఇంత నేల ఇంత కొద్దిమంది చేతుల్లోకి ఎలా వచ్చింది? ఆ చేతుల్లో పడ్డాక దానికి ఏమైంది? పర్మాకల్చర్ అనే ఆలోచన ప్రపంచంలో ఇంకెక్కడా కాకుండా ఆస్ట్రేలియాలోనే ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఈ రెండు ప్రశ్నలతోనే మొదలుపెట్టాలి.

1788లో సిడ్నీ తీరాన ఖైదీల ఓడలు లంగరు వేసినప్పుడు బ్రిటిష్‌వాళ్ళు ఈ నేల ఎవరిదీ కాదన్న లెక్కతో దిగారు. తెచ్చుకున్న విత్తనం ఆ ఇసుక నేలలో సరిగా పండక, తొలి ఏళ్ళలో రేషను తగ్గించుకుంటూ ఆకలితో గడిపారు. అదే కాలంలో విక్టోరియా నైరుతి మూలన గుండిట్జ్‌మారా ప్రజలు లావా రాళ్ళతో కాలువలు కట్టి, పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేపలను దారి మళ్ళించి, మడుగుల్లో పెంచుకుని తింటున్నారు. బుజ్ బిమ్ అనే ఆ చోట కాలువల వయసు 6,600 ఏళ్ళని తేలింది. 2019లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. విక్టోరియా గడ్డి మైదానాల్లో పసుపు పూల ముర్నాంగ్ మొక్క ఉండేది. ఆడవాళ్ళు కర్రలతో దాని దుంపలు తవ్వుకునేవారు. ఆ తవ్వకంతోనే నేల గుల్లగా, మెత్తగా ఉండేది. గొర్రెల మందలు దిగిన కొన్నేళ్ళకే దుంపలు పోయాయి. తవ్వుకునేవాళ్ళను తుపాకులతో తరిమేశారు. బిల్ గామేజ్ అనే చరిత్రకారుడు 2011లో ఒక పెద్ద పుస్తకం రాసి, ఈ దేశమంతా ఆదివాసులు నిప్పుతో, లెక్కతో సాకిన తోటలాంటిదని వాదించాడు. అది చదివాక మల్లీ ఖాళీని చూస్తే కడుపులో ఏదో కలుక్కుమంటుంది.

తర్వాతి వందేళ్ళ కథలో పాలకుల పేర్లు, ఉత్తర్వుల తేదీలు చాలానే ఉన్నాయి. వాటిని దాటవేసి గుర్రం మీద తిరిగిన ఒక మనిషి దగ్గర ఆగాలి. దక్షిణ ఆస్ట్రేలియా సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్‌డర్, 1865లో, కరువు కొట్టిన ప్రాంతాల మీదుగా వందల మైళ్ళు స్వారీ చేశాడు. వాన లెక్కలు రాసిపెట్టిన పుస్తకాలు ఆయన చేతిలో పెద్దగా లేవు. మొక్కలను చూశాడు. పొట్టి యూకలిప్టస్ పొదలు ఆగిపోయి ఉప్పుపొదలు మొదలయ్యే చోట పటం మీద గీత గీశాడు. గీతకు దక్షిణాన దున్నుకోండి, ఉత్తరాన మేపుకోండి, అంతకు మించి ఆశపడకండి అన్నాడు. ఆ గీత ఏడాదికి సుమారు 10 అంగుళాల వాన పడే హద్దుకు దగ్గరగా నడుస్తుంది. అనంతపురం జిల్లాలో దాదాపు అంతకు రెండింతలు పడుతుంది. అయినా అక్కడి రైతు ఆకాశం వైపు ఎలా చూస్తాడో తెలుగువాళ్ళకు చెప్పాల్సిన పని లేదు.

1870ల మొదట్లో నాలుగు మంచి వానలు పడ్డాయి. దున్నినచోటికి వాన అదే వస్తుందన్న నమ్మకం జనంలో పాకింది. 1874లో ప్రభుత్వం గీత దాటి భూమి అమ్మింది. ఫ్లిండర్స్ కొండల వైపు రైతులు రాతి ఇళ్ళు కట్టుకున్నారు, ఊళ్ళకు పటాలు గీయించుకున్నారు. 1880లలో కరువు తిరిగొచ్చింది. ఆ ఇళ్ళ గోడలు ఇప్పటికీ పైకప్పు లేకుండా నిలబడి ఉన్నాయి. పర్యాటకులు ఫోటోలు తీసుకుంటారు. గోయ్‌డర్ గీత మాత్రం చెదరలేదు, ఇప్పటికీ పొలాల విలువ కట్టేటప్పుడు దాన్ని తలుచుకుంటారు. ఆధునిక యంత్రాలు లేని కాలంలో ఒక ఉద్యోగి మొక్కల మాట విని రాసిన నివేదికను పక్కనపెట్టిన పాపానికి ఇన్ని కుటుంబాలు చితికిపోయాయి. ఇంత నిజాయితీ గల ప్రభుత్వ పత్రం ఏ దేశ చరిత్రలోనైనా అరుదే.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియాలో ఏడాదికి పది లక్షల ఎకరాల అడవి కొట్టాలన్నది గర్వంగా చెప్పుకున్న నినాదం. అక్కడి చెట్ల వేళ్ళు లోతుకు దిగి భూగర్భ జలాన్ని తాగుతూ అదుపులో ఉంచేవి. చెట్లు పోయి పైపై వేళ్ళ గోధుమ వచ్చేసరికి అడుగునీరు పైకి లేచింది. యుగాలుగా మట్టిలో పేరుకున్న ఉప్పు దానితో పాటు వచ్చింది. పల్లపు పొలాలు తెల్లగా చవుడు తేలాయి. ఇక 1983 ఫిబ్రవరి 8న మల్లీ నుంచి లేచిన ఎర్రటి దుమ్ము గోడ మెల్‌బోర్న్ నగరాన్ని కప్పేసింది. మధ్యాహ్నం పూట చీకటి పడింది. గాలికి లేచిపోయింది పంట పండాల్సిన పైమట్టి.

ఆ దుమ్ముకు తొమ్మిదేళ్ళ ముందే, దక్షిణాన టాస్మేనియా ద్వీపంలో ఇద్దరు మనుషులు దీని గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బిల్ మాలిసన్, స్టాన్లీ అనే చేపల రేవులో 1928లో పుట్టాడు. పదిహేనేళ్ళకే బడి మానేశాడు. సొరచేపలు పట్టాడు, అడవిలో చెట్లు కొట్టాడు, ట్రాక్టరు తోలాడు, తర్వాత వన్యప్రాణుల సర్వేలో ఏళ్ళ తరబడి అడవుల్లో తిరిగాడు. నడివయసులో హోబర్ట్‌లోని టాస్మేనియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే స్థితికి వచ్చాడు. 1974లో ఆయనకు డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే విద్యార్థి కలిశాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. ఇద్దరూ కలిసి రాసిన ‘పర్మాకల్చర్ వన్’ 1978లో వచ్చింది. ఏటా దున్ని, ఏటా విత్తి, ఏటా మట్టిని గాలికి వదిలే పద్ధతికి బదులు అడవిలా ఏళ్ళ తరబడి నిలిచే పంటల అల్లిక కావాలన్నారు. పెద్ద చెట్టు కింద చిన్న చెట్టు, దాని కింద పొద, తీగ, దుంప. కోడి చేసే పని కోడికి, చెరువు చేసే పని చెరువుకు. రోజూ చేయి పడాల్సినవి ఇంటి దగ్గర, ఏడాదికోసారి చూస్తే చాలనుకునేవి దూరాన.

నీటి విషయంలో వాళ్ళకు ముందే ఒక గురువున్నాడు. పి.ఎ. యోమన్స్ గనుల పనిలోంచి వచ్చినవాడు. సిడ్నీ దగ్గర నార్త్ రిచ్‌మండ్‌లో కొన్న భూమిలో 1944లో గడ్డి మంట లేచి ఆయన బావమరిది చనిపోయాడు. ఎండిన కొండను నీటితో తడిపి ఉంచడమెలా అన్నదే తర్వాత ఆయన బతుకంతా చేసిన పని. నీరు పల్లమెరుగు అంటాం కదా. యోమన్స్ ఆ పల్లమే మార్చాడు. లోయలో వాలు తీరు మారే చోటు పట్టుకుని, అక్కడి నుంచి నాగలి చాలును కొంచెం వంపుగా గుట్ట వైపు నడిపాడు. లోయలోకి ఉరికే నీరు నెమ్మదిగా గుట్ట మీదికి పాకి ఇంకింది. ఈ కీలైన్ పద్ధతి 1954లో పుస్తకమైంది.

ఇంటి పెరడుకు పర్మాకల్చర్ చక్కగా అమరింది. హోమ్‌గ్రెన్ 1985 నుంచి విక్టోరియాలోని హెప్‌బర్న్‌లో ఒక హెక్టారు స్థలంలో పళ్ళచెట్లు, కూరగాయలు, మేకలతో ఉంటున్నాడు. అది చూసిన ఏ తెలుగు ఇల్లాలైనా కరివేపాకు, అరటి, బావి, పెంటకుప్ప ఉన్న తన అమ్మమ్మ పెరడును తలుచుకుంటుంది. కానీ మల్లీలో వెయ్యి హెక్టార్ల రైతు ఏం చేయాలి? పదిరకాల చెట్ల మధ్య హార్వెస్టర్ తిరగదు. పళ్ళు కోయడానికి మనుషులు కావాలి. ఇక్కడ కూలి ఎక్కువ, కూలీలు తక్కువ. ఇప్పటికే కోతలకు పసిఫిక్ దీవులవాళ్ళ మీద, సెలవు వీసాల మీద వచ్చే కుర్రాళ్ళ మీద ఆధారపడుతున్నారు. చెట్టు కాపుకు వచ్చేదాకా బ్యాంకు వడ్డీ ఆగదు. కిరాణా వ్యాపారంలో మూడింట రెండొంతులు రెండు సూపర్‌మార్కెట్ల చేతిలో ఉంది, వాళ్ళకు ఒకే సైజు సరుకు లారీల కొద్దీ కావాలి.

అయినా దారి వెతికినవాళ్ళున్నారు. న్యూ సౌత్ వేల్స్‌లోని గుల్గాంగ్ దగ్గర కోలిన్ సైస్ కుటుంబానిది సుమారు 2,000 ఎకరాల పొలం. 1979లో మంటలు దాన్ని కాల్చేశాయి. ఎరువులు కొనే డబ్బు లేకపోవడంతో స్థానిక గడ్డిని తిరిగి రానిచ్చాడు. 1993లో డారిల్ క్లఫ్‌తో కలిసి ఒక చిన్న మార్పు చేశాడు. ఎండాకాలంలో పెరిగే ఆ గడ్డి చలికాలం నిద్రపోతుంది. దాన్ని దున్నకుండా, నిద్రపోతున్న గడ్డి మధ్యలోనే ఓట్స్ విత్తాడు. పంట కోశాక గడ్డి మళ్ళీ లేస్తుంది, గొర్రెలు మేస్తాయి, నేల ఎప్పుడూ బట్టబయలు కాదు. ఒక్క యంత్రం, ఒక్క మనిషి చేయగల పని. దాన్ని పర్మాకల్చర్ అనాలా వద్దా అన్న వాదన గురువులకు వదిలేయవచ్చు. మాలిసన్ కోరిన శాశ్వతత్వం ఆ గడ్డి వేళ్ళలో ఉంది.

దానికంటే పెద్ద ప్రయత్నం కాన్‌బెరాకు తూర్పున, బంగెండోర్ దగ్గర మలూన్ వాగు మీద జరుగుతోంది. యూరోపియన్లు రాకముందు ఇక్కడి వాగులు చాలావరకు గలగలా పారే ప్రవాహాలుగా ఉండేవి కావు. రెల్లు మధ్యలో ఒకదాని వెంట ఒకటిగా మడుగులుండేవి. అడవి కొట్టి, పశువులు తొక్కాక వాగులు కోసుకుపోయి లోతు గండ్లయ్యాయి. పక్క పొలాల అడుగునీరంతా ఆ గండ్లలోకి జారిపోయింది. 2006లో టోనీ కూట్ అనే భూస్వామి, పీటర్ ఆండ్రూస్ అనే రైతు సలహాతో, రాళ్ళూ దుంగలూ వేసి నీరు కారే కట్టలు కట్టించాడు. నీరు ఆగదు, నెమ్మదిస్తుంది. వాగు మట్టం లేస్తుంది, పక్క నేల నానుతుంది, రెల్లు తిరిగొస్తుంది.

వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్ళకు ఆ మడుగుల వరస చూస్తే ఒక్కటే గుర్తొస్తుంది: కాకతీయుల గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పారితే కింది చెరువుకు నీరు. గణపతిదేవుని కాలం నాటి పాఖాల ఇంకా నీళ్ళు ఇస్తూనే ఉంది. అలుగు పారిన రోజు ఊరు ఊరంతా కట్ట మీదే. కుర్రాళ్ళు చేపలకు, ఆడవాళ్ళు కట్టమైసమ్మకు పసుపు కుంకుమలతో. బతుకమ్మలు సాగనంపేదీ ఆ నీళ్ళలోనే. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో నీరటి చూసుకునేవాడు. పంట వచ్చాక ఊరు అతనికి గింజలు కొలిచేది. పోలిక ఎక్కువ దూరం సాగదు. మన చెరువు నీటిని నిలబెట్టడానికి, మలూన్ కట్ట ఇంకించడానికి. కానీ నీరటి దగ్గర మాత్రం రెండూ కలుస్తాయి. మలూన్‌లో ఒక్క పొలం బాగుపడ్డాక కష్టమంతా పక్క పొలాలతోనే వచ్చింది. ఎగువన ఆపితే దిగువకు రాదన్న భయం గోదావరి మీద ఉన్నట్టే ఇక్కడా ఉంది. వాగులో రాయి వేయాలంటే పలు శాఖల అనుమతి కావాలి. కొలతలు తీసే శాస్త్రవేత్తలు కావాలి. ఇరవైకి పైగా భూయజమానులు ఒప్పుకుంటేనే 23,000 హెక్టార్ల పరీవాహకమంతా ఒక్క పనిగా నడిచింది. కూట్ 2018లో పోతూ తన పొలాన్ని ఈ పని నడిపే మలూన్ సంస్థకే ఇచ్చేశాడు.

మాలిసన్ 1987లో భారతదేశం వచ్చి పాఠం చెప్పాడు. ఆ విత్తనం జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో నాటుకుంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు అప్పటికే బీడు భూముల్లో జొన్న, కొర్ర, కంది, అనుములు కలిపి పండించే పాత మెట్ట సేద్యాన్ని నిలబెట్టుకుంటున్నాయి. కొప్పుల నర్సన్న అక్కడి బిడకన్నెలో అరణ్య సంస్థ పొలం పెంచాడు. 2017లో ప్రపంచ పర్మాకల్చర్ సమావేశాలు హైదరాబాద్‌లోనూ, జహీరాబాద్ పక్క పల్లెలోనూ జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పొదుపు సంఘాల ఆడవాళ్ళ మీదుగా లక్షల రైతులకు చేరింది. 2024లో పోర్చుగల్‌వారి గుల్బెంకియన్ బహుమతిని మరో ఇద్దరితో పంచుకుంది. రెండెకరాలున్న రైతుకు ఇంకో రెండెకరాల రైతే పాఠం చెబుతుంది. ఆస్ట్రేలియాకు ఎకరాలున్నాయి, యంత్రాలున్నాయి, కొలిచే పరికరాలున్నాయి. పక్క పొలం ఆసామిని వారానికోసారి కూర్చోబెట్టే సంఘం మాత్రం కొత్తగా కట్టుకోవాలి. 1986లో విక్టోరియాలో ల్యాండ్‌కేర్ పేరుతో రైతు బృందాలు పుట్టింది ఆ లోటు తీర్చడానికే.

మెల్‌బోర్న్, సిడ్నీల్లో చదవడానికి వచ్చే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది కంప్యూటర్లు, అకౌంటింగు వైపు వెళ్తారు. బాపట్ల నుంచో రాజేంద్రనగర్ నుంచో వ్యవసాయం చదివిన కొందరు మలూన్ వాగు మీద అడుగునీటి కొలతలు ఎలా తీస్తున్నారో నేర్చుకుని అనంతపురానికి తీసుకుపోతే బాగుంటుంది. బంగెండోర్ రైతులు కూడా జూన్ వానలకు ముందే పొడి దుక్కిలో పదిరకాల గింజలు చల్లి, నేలను పచ్చగా కప్పే రాయలసీమ మహిళల దగ్గర ఒక పంటకాలం గడపాలి. ఆ రాకపోకలకు కావలసిన డబ్బును ఇక్కడి తెలుగు సంఘాలు ఉగాది సభల ఖర్చులోంచే తీయగలవు.