పిల్లులలో కీళ్ళనొప్పి

పిల్లులలో కీళ్ళనొప్పి ముఖ్యంగా కీళ్ళ అరుగుదల (ఆస్టియో ఆర్థరైటిస్) వలన కలుగుతుంది. ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థి క్రమంగా అరిగిపోవడం, కీలు వాచి బిగుసుకుపోవడం ఈ వ్యాధి స్వభావం. ఇది వయసు మళ్ళిన పిల్లులలో చాలా సాధారణం. 2002లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 12 సంవత్సరాలు దాటిన 100 పిల్లుల ఎక్స్-రే చిత్రాలను పరిశీలించగా, 90 పిల్లులలో కీళ్ళ క్షీణత కనిపించింది.

లక్షణాలు

పిల్లి తన నొప్పిని దాచుకొనే జంతువు. అది కుక్కవలె స్పష్టంగా కుంటడం తక్కువ, అరవడం కూడా అరుదు. అందువలన చాలామంది యజమానులు ఈ మార్పులను ముసలితనంగా భావించి వదిలివేస్తారు. గమనించవలసిన ముఖ్య లక్షణాలు ఇవి:

* ఒక్క దూకుతో గోడ, అటక ఎక్కే పిల్లి తటపటాయించడం, మధ్యలో ఆగి ఎక్కడం
* మెట్లు దిగడానికి ఇబ్బంది పడడం
* వీపు, నడుము భాగాలను నాకి శుభ్రపరచుకోలేక బొచ్చు ఉండలు కట్టడం
* గోళ్ళు అరగక పెరిగిపోవడం
* ఇసుక పళ్ళెం వెలుపల మలమూత్ర విసర్జన చేయడం
* ఎత్తుకున్నప్పుడు కరవడం, ఒంటరిగా దాగి ఉండడం

కారణాలు

వయసు, పాత గాయాలు, తుంటి కీలు పుట్టుకతో సరిగా అమరకపోవడం ముఖ్య కారణాలు. స్థూలకాయం వ్యాధిని తీవ్రం చేస్తుంది. స్కాటిష్ ఫోల్డ్ జాతి పిల్లులలో చెవులు మడతపడడానికి కారణమైన జన్యులోపమే కీళ్ళను కూడా చిన్న వయసులోనే దెబ్బతీస్తుంది.

నిర్ధారణ

పశువైద్యులు కీళ్ళను తాకి పరీక్షించి, అవసరమైతే ఎక్స్-రే తీస్తారు. ఎక్స్-రేలో కనిపించే మార్పులకు, నొప్పి తీవ్రతకు ఎల్లప్పుడూ పొంతన ఉండదు. కనుక ఇంట్లో పిల్లి దూకడం, నడవడం సెల్ ఫోనులో చిత్రీకరించి చూపడం ఉపయోగకరం.

గుంటూరు జిల్లాలో సంగం డెయిరీ కేంద్రమైన వడ్లమూడి వంటి పాడి ప్రాంతాలలో పశువైద్యం అనగానే ఆవులు, గేదెలే గుర్తుకువస్తాయి. కాని పిల్లులకూ పశువైద్యులే చికిత్స చేస్తారు. విజయవాడ సమీపంలోని గన్నవరంలో 1998లో స్థాపించిన పశువైద్య కళాశాల ఉంది.

చికిత్స

వ్యాధి పూర్తిగా నయం కాదు, నొప్పిని మాత్రం అదుపులో ఉంచవచ్చు. మెలాక్సికామ్‌ను అతి తక్కువ మోతాదులో, మూత్రపిండాల పనితీరును పరీక్షించిన తరువాతనే వాడాలి. కొందరు వైద్యులు గాబాపెంటిన్ కూడా సూచిస్తారు. నెలకు ఒకసారి ఇచ్చే ఫ్రునెవెట్‌మాబ్ అనే ఇంజెక్షను‌కు ఐరోపాలో 2021లో, అమెరికాలో 2022లో అనుమతి లభించింది.

ఇంటివద్ద బరువు తగ్గించడం, మెత్తని పడక ఏర్పాటు చేయడం, ఎత్తైన చోటికి చేరడానికి మధ్యలో పీట వేయడం, అంచు తక్కువగా ఉన్న ఇసుక పళ్ళెం పెట్టడం మేలుచేస్తాయి.

హెచ్చరిక

మనుషులు వాడే నొప్పి మాత్రలను పిల్లులకు ఇవ్వరాదు. పారాసిటమాల్‌ను విరిచి నిర్వీర్యం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటైనా ప్రాణాంతకం కావచ్చు. రక్తం ప్రాణవాయువును మోయలేకపోవడంతో చిగుళ్ళు గోధుమ లేదా నీలిరంగుకు మారతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరాడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాలను, జీర్ణాశయాన్ని దెబ్బతీస్తాయి. పిల్లి పొరపాటున వీటిని మింగితే, లక్షణాలు కనిపించేవరకు వేచి ఉండక వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.